ఉచిత సాఫ్ట్‌వేర్‌కు అయ్యే అసలు ఖర్చు: తిరుపతి, చిత్తూరు వ్యాపారులు ఏది ఎంచుకోవాలి?

2025 సెప్టెంబరు 22న తిరుపతిలోని లాడ్జిల బిల్లులన్నీ మారాల్సి వచ్చింది. రోజుకు 7,500 రూపాయలు, అంతకు తక్కువ అద్దె ఉన్న గదులపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. దాంతోపాటు ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్, అంటే కొనుగోళ్లపై కట్టిన పన్నును తాము కట్టాల్సిన పన్నులో తగ్గించుకునే వీలు, పోయింది. అంతకుముందు 2022 జూలై 18న ఇంకో మార్పు వచ్చింది. అప్పటిదాకా పన్ను లేని వెయ్యి రూపాయల లోపు గదులు ఆ రోజు నుంచి 12 శాతం పన్ను పరిధిలోకి వచ్చాయి. ఇలాంటి తేదీలు మళ్లీ వస్తాయి.

సాఫ్ట్‌వేర్‌లో పన్ను రేటు మార్చడం పెద్ద పనేమీ కాదు. అయితే ముందే అడ్వాన్సు కట్టి ఆ రోజు దిగిన యాత్రికుడికి ఏ రేటు వేయాలి, పాత రేటుతో ఇచ్చిన రసీదును ఎలా సరిచేయాలి, క్రెడిట్ ఆగిపోయిన కొనుగోళ్లను లెడ్జర్‌లో ఎక్కడ చూపాలి అన్నవి తేల్చి, బిల్లు నమూనా మార్చి, రిసెప్షన్‌లో కూర్చున్న కుర్రాడికి నేర్పడానికి ఎవరో ఒకరు ఉండాలి. డబ్బు కట్టి వాడే సాఫ్ట్‌వేర్ అయితే ఆ కంపెనీకి ఫోను చేసి అడిగే హక్కు మీకు ఉంటుంది. ఎవరైనా ఉచితంగా తీసుకుని వాడుకోగల ఓపెన్ సోర్స్ అయితే ఎవరికి ఫోను చేయాలో మీరే ముందుగా ఏర్పాటు చేసుకోవాలి. ఆ ఏర్పాటుకు డబ్బు అవుతుంది. చాలామంది లెక్కలో వేసుకోనిది ఆ డబ్బునే.

ఓపెన్ సోర్స్ అంటే నాకు గౌరవం. 1991లో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన లైనక్స్ మీద ఇవాళ ప్రపంచంలోని సర్వర్లలో అత్యధికం నడుస్తున్నాయి. మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోను కూడా దాని మీదే నడుస్తుంది. ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఏముందో చూడవచ్చు, మార్చుకోవచ్చు అనే ఆలోచన చిన్న వ్యాపారికి నిజంగా మేలు చేసేదే. కానీ ఊరికే వస్తుందన్న ఒక్క కారణంతో దాన్ని పెట్టుకున్నవారే త్వరగా విసిగి వదిలేస్తున్నారు. లైసెన్సు ధర సున్నా అయినప్పుడు ఖర్చు మాయమైపోదు. కంపెనీకి వెళ్లాల్సిన డబ్బు మనిషి జీతంగా మారుతుంది. ఆ మనిషికి డబ్బు పెట్టగలిగితే ఓపెన్ సోర్స్ మంచి ఎంపిక. పెట్టలేకపోతే మీరు వాడగల సాఫ్ట్‌వేర్లలో అదే అన్నిటికన్నా ఖరీదైనది.

మీ ముందున్న దారులు

మన ప్రాంతంలో దుకాణదారుడికో లాడ్జి యజమానికో చిన్న ఫ్యాక్టరీకో ఇవాళ నాలుగు దారులు కనిపిస్తాయి. మొదటిది, టాలీప్రైమ్, బిజీ, మార్గ్ లాంటి అకౌంటింగ్ ప్యాకేజీ కొని సొంత కంప్యూటర్లలో పెట్టుకోవడం. రెండోది, జోహో బుక్స్ లాంటి ఇంటర్నెట్ సేవకు నెలకో ఏడాదికో చందా కట్టడం. మూడోది, ఈఆర్‌పీనెక్స్ట్, ఓడూ కమ్యూనిటీ లాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను సొంతంగా సర్వర్‌లో పెట్టుకుని నడుపుకోవడం. నాలుగోది, అదే ఓపెన్ సోర్స్‌ను డబ్బు కట్టి ఒక సంస్థ చేత నడిపించుకోవడం.

ఐదో దారి కూడా ఉంది. తెలిసిన ప్రోగ్రామర్ చేత సొంతంగా రాయించుకోవడం. సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్ రాసిన అసలు ప్రోగ్రాం, చేతికి ఇవ్వకపోతే దాని జోలికి వెళ్లవద్దు. కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోని బందీతనం, ఓపెన్ సోర్స్‌లోని దిక్కులేనితనం రెండూ అందులో ఉంటాయి. ఇక కాపీ కొట్టిన టాలీ, కాపీ కొట్టిన విండోస్ విషయం ఒక్క మాటలో తేల్చవచ్చు. కాపీరైట్ చట్టంలోని 63బి సెక్షన్ ప్రకారం దొంగ కాపీ అని తెలిసీ వాడితే కనీసం ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు.

ఓడూ పేరు విన్నవారు ఒక సంగతి తెలుసుకోవాలి. దాని ఉచిత కమ్యూనిటీ వెర్షన్‌లో బిల్లులు వేసుకోవచ్చు కానీ పూర్తి స్థాయి అకౌంటింగ్ డబ్బు కట్టే ఎంటర్‌ప్రైజ్ వెర్షన్‌లో ఉంటుంది. ఏటా కొత్త వెర్షన్ వస్తుంది, చివరి మూడు వెర్షన్లకే కంపెనీ మద్దతు ఉంటుంది. కొత్త వెర్షన్‌కు డేటాను మార్చే కంపెనీ సేవ ఎంటర్‌ప్రైజ్ వారికే. కమ్యూనిటీ వారు ఓపెన్‌అప్‌గ్రేడ్ అనే వేరే ప్రాజెక్టు మీద, తమ మనిషి నేర్పు మీద ఆధారపడాలి. ఈఆర్‌పీనెక్స్ట్‌లో అకౌంటింగ్ సహా అన్నీ ఉచితంగానే ఉంటాయి. దాన్ని తయారు చేసేది ముంబయిలోని ఫ్రాపే సంస్థ కాబట్టి మన జీఎస్టీకి తగ్గట్టు మార్పులు కూడా తొందరగానే అందుతాయి. అకౌంటింగే ముఖ్యమైన చోట ఈ రెండిటిలో నేను ఈఆర్‌పీనెక్స్ట్ వైపే మొగ్గుతాను.

మనిషి వెళ్లిపోతే

గోవిందరాజస్వామి గుడి దగ్గర ఒక బట్టల దుకాణం ఉంది. యజమాని మేనల్లుడు ఇంజినీరింగ్ చదివే రోజుల్లో ఎంతో ఇష్టంగా ఒక ఓపెన్ సోర్స్ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టిచ్చాడు. చక్కగా పనిచేసింది కూడా. సరుకు నిల్వ, బాకీలు, బార్‌కోడ్ అన్నీ అందులోనే. ఆ అబ్బాయికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. కొన్నాళ్లకు ఒక శుక్రవారం ఉదయం బిల్లింగ్ తెర తెరుచుకోలేదు. సర్వర్ అద్దె అతని సొంత కార్డు నుంచి కట్ అయ్యేది. ఆ కార్డు గడువు ముగిసింది. డబ్బు కట్టమని సర్వర్ కంపెనీ పంపిన హెచ్చరికలన్నీ అతని పాత కాలేజీ మెయిల్‌కు వెళ్లాయి. ఫోనులో అతనన్న మాట ఇదే: "మామయ్యా, ఆ మెయిల్ నేను తెరిచి చాలా రోజులైంది. సాయంత్రం ఆఫీసు అయ్యాక చూస్తాను." పెళ్లిళ్ల సీజనులో ఆ రోజంతా కాగితం మీద బిల్లులు రాశారు. ఆ బిల్లులను మళ్లీ కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి పట్టిన సమయం వేరే.

ఇందులో సాఫ్ట్‌వేర్ తప్పు కొంచెం కూడా లేదు, ఆ అబ్బాయి తప్పూ లేదు. డబ్బు ఇవ్వని పనికి బాధ్యత అడగలేం. తిరుపతికి చెన్నై సుమారు 135 కిలోమీటర్లు, బెంగళూరు 250 కిలోమీటర్లు. ఇక్కడి ఇంజినీరింగ్ కాలేజీల నుంచి ఏటా బయటికి వచ్చే పిల్లల్లో సర్వర్ పని బాగా వచ్చినవారు ఆ రెండు నగరాల్లో ఏదో ఒకదానికి వెళ్తారు, వెళ్లాలి కూడా. టాలీ తెలిసిన అకౌంటెంట్ ఒకరు మానేస్తే వారం తిరిగేలోపు ఇంకొకరు దొరుకుతారు. చిత్తూరులో, పుత్తూరులో, శ్రీకాళహస్తిలో కూడా దొరుకుతారు. లైనక్స్ సర్వర్‌లో డేటాబేస్ ఆగిపోతే చూసేవారు అంత సులువుగా దొరకరు. ఓపెన్ సోర్స్ దాచిపెట్టే ఖర్చుల్లో మన ఊళ్లలో అన్నిటికన్నా పెద్దది ఇదే. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్నవారికి ఇచ్చే సలహా ఇక్కడ అలాగే పనికిరాకపోవడానికి కారణం కూడా ఇదే.

కాబట్టి ఎవరితో ఒప్పందం చేసుకున్నా సర్వర్ ఖాతా, డొమైన్ పేరు, అడ్మిన్ పాస్‌వర్డ్ మూడూ వ్యాపారం పేరు మీద ఉన్న మెయిల్‌కు కట్టుబడి ఉండాలి. అద్దె వ్యాపారం ఖాతా నుంచే పోవాలి. పాస్‌వర్డ్‌ను కవరులో పెట్టి బీరువాలో ఉంచినా సరే, అది మీ దగ్గర ఉండాలి.

చట్టం పెట్టించే ఖర్చు

మీది ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే ఈ భాగం శ్రద్ధగా చదవండి. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ లాగ్ తప్పనిసరి. ఏ పద్దును ఎప్పుడు మార్చారో అందులో నమోదు కావాలి. దాన్ని ఆపేసే వీలు ఉండకూడదు. ఆడిటర్ తన నివేదికలో దీని గురించి ప్రత్యేకంగా రాయాలి. ఓపెన్ సోర్స్‌లో కూడా ఎడిట్ లాగ్ ఉంటుంది. చిక్కంతా ఆపలేని విధంగా ఉందని చూపించడంలోనే వస్తుంది. సర్వర్ మీద పూర్తి అధికారం ఉన్నవాడు డేటాబేస్‌లోకి నేరుగా వెళ్లి దేన్నైనా మార్చగలడు. స్వేచ్ఛ ఇచ్చే గుణమే ఇక్కడ ఆడిటర్ అడిగే ప్రశ్న అవుతుంది. డేటాబేస్ స్థాయిలో కూడా లాగ్ పెట్టించి, ఆ అధికారం ఎవరి చేతిలో ఉందో కాగితం మీద చూపించాలి. ఆ పనికి అనుభవం ఉన్నవాడు కావాలి, డబ్బు కావాలి. సొంత యాజమాన్యంలోని దుకాణాలకు, భాగస్వామ్య సంస్థలకు ఈ నిబంధన లేదు.

కంపెనీలకే ఇంకో నిబంధన ఉంది. కంప్యూటర్‌లో ఉంచే లెక్కల పుస్తకాల బ్యాకప్ ప్రతి రోజూ భారతదేశంలోనే ఉన్న సర్వర్‌లో పడాలి. నెలకు కొన్ని డాలర్లకే వస్తుందని విదేశంలో సర్వర్ తీసుకునేవారు ఇది చూసుకోరు. సర్వర్‌లోకి ఎవరైనా చొరబడితే తెలిసిన ఆరు గంటల్లో తెలియజేయాలని, సర్వర్ లాగ్‌లు 180 రోజులు దేశంలోనే ఉంచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు చెబుతున్నాయి.

వార్షిక టర్నోవరు 5 కోట్లు దాటిన వ్యాపారాలకు 2023 ఆగస్టు 1 నుంచి ఇ-ఇన్‌వాయిస్ తప్పనిసరి. ఇతర వ్యాపారులకు వేసే ప్రతి బిల్లూ ప్రభుత్వ పోర్టల్‌కు వెళ్లి, సంఖ్యతో, క్యూఆర్ కోడ్‌తో తిరిగి రావాలి. 10 కోట్లు, ఆపైన టర్నోవరు ఉంటే 2025 ఏప్రిల్ 1 నుంచి బిల్లును 30 రోజుల్లోగా పోర్టల్‌కు పంపాలన్న గడువు కూడా పెట్టారు. ఉచిత సాఫ్ట్‌వేర్ నుంచి ఇది నేరుగా జరగాలంటే చాలాసార్లు మధ్యవర్తి సంస్థల సేవ కొనుక్కోవాలి. బిల్లుకు ఇంత అని పడే ఆ మొత్తం చిన్నదే కానీ ఎప్పటికీ ఆగదు. యాత్రికులకు ఎస్ఎంఎస్ పంపే లాడ్జిలకు డీఎల్‌టీ రిజిస్ట్రేషన్ (వ్యాపార మెసేజ్‌లు పంపేవారు టెలికాం సంస్థల దగ్గర చేయించుకోవాల్సిన నమోదు), మెసేజ్ ఖర్చు అలాంటివే. అవి ఏ దారిలో వెళ్లినా తప్పవు కాబట్టి పోలికలో వాటిని పక్కన పెట్టవచ్చు.

వీటన్నిటికన్నా ముందు మీ ఆడిటర్‌ను అడగండి. తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ ఆడిటర్ ఆఫీసుల్లో మొదట వినిపించే మాట "టాలీ డేటా పంపండి" అన్నదే. మీరు వేరే సాఫ్ట్‌వేర్‌లో రాసిన లెక్కలను ఏడాది చివర ఎవరో టాలీలోకి ఎక్కించాల్సి వస్తే, మీరు ఒకే లెక్కను రెండుసార్లు రాయించుకుంటున్నట్టే. ఆ ఫీజు మీదే. ఎక్సెల్ రూపంలో ఇస్తే చాలు అనే ఆడిటర్ అయితే దారి సుగమం.

ఒక లాడ్జి, నాలుగు లాడ్జిలు

ఇక్కడ అంకెలు వేసి చూద్దాం. ఇవి లెక్క తీరు చూపడానికి వేసుకున్న ఊహా అంకెలు. మీకు వచ్చిన కొటేషన్ల అంకెలు ఆ స్థానాల్లో పెట్టుకోండి. లెక్క మాత్రం ఐదేళ్లకు వేయాలి. ఒక్క ఏడాదికి వేస్తే ప్రతిసారీ తప్పు జవాబే వస్తుంది.

40 గదుల లాడ్జి ఒకటి ఉందనుకోండి. చందా సాఫ్ట్‌వేర్‌కు నెలకు 3,000 చొప్పున ఐదేళ్లకు 1,80,000 రూపాయలు. మొదట పెట్టించి నేర్పించడానికి 20,000. మొత్తం 2 లక్షలు. అదే లాడ్జికి ఓపెన్ సోర్స్ లైసెన్సు సున్నా. సర్వర్ అద్దె నెలకు 1,500 చొప్పున 90,000. పెట్టించడం, పాత డేటా ఎక్కించడం, బిల్లు నమూనాలు చేయించడం 60,000. పిలిస్తే పలికే మనిషికి నెలకు 4,000 చొప్పున 2,40,000. ఐదేళ్లలో రెండుసార్లు వెర్షన్ మార్చడానికి 50,000. కూడితే 4,40,000 రూపాయలు. ఉచితమన్నది రెండింతలు దాటింది. ఇందులో మనిషి ఖర్చే సగానికి పైగా ఉందని గమనించండి. ఆ ఒక్క పద్దు కొట్టేసి చూసుకున్నవారికే ఓపెన్ సోర్స్ చవకగా కనిపిస్తుంది. ఆ పద్దు కొట్టేస్తే ఏమవుతుందో పైన చెప్పిన బట్టల దుకాణంలో చూశాం.

ఇప్పుడు అదే యజమానికి నాలుగు లాడ్జిలు ఉన్నాయనుకోండి. చందా నాలుగింతలై 7,20,000, మొదటి ఖర్చు 80,000, మొత్తం 8 లక్షలు. ఓపెన్ సోర్స్‌లో కొంచెం పెద్ద సర్వర్‌కు నెలకు 2,500 చొప్పున 1,50,000. మొదటి లాడ్జికి 60,000, అదే నమూనాను మిగతా మూడింటికి పెట్టడానికి 15,000 చొప్పున 45,000. మనిషికి నెలకు 6,000 చొప్పున 3,60,000. వెర్షన్ మార్పులకు 60,000. మొత్తం 6,75,000. ఈసారి ఓపెన్ సోర్సే 1,25,000 తక్కువ.

చందా ప్రతి లాడ్జికీ, ప్రతి కంప్యూటర్‌కూ, ప్రతి ఉద్యోగికీ పెరుగుతూ పోతుంది. ఓపెన్ సోర్స్ మనిషి ఖర్చు అంతగా పెరగదు. మొదటి లాడ్జికి భారంగా ఉన్న జీతం నాలుగో లాడ్జి వచ్చేసరికి పంచుకునే ఖర్చు అవుతుంది. ఎన్ని లాడ్జిల దగ్గర ఓపెన్ సోర్స్ చవకవుతుందో మీ అంకెలతో మీరే కనుక్కోవాలి. ఒకే సంఘంలో ఉన్న నలుగురు లాడ్జి యజమానులు కలిసి ఒకే మనిషిని పెట్టుకున్నా ఇదే లెక్క పనిచేస్తుంది. ఇది మన ఊళ్లో జరగాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. ఓపెన్ సోర్స్‌లో అడ్డుపడే లైసెన్సు ఏదీ లేదు, ఒకరు చేయించుకున్న మార్పు మిగతావారూ వాడుకోవచ్చు.

ఒంటరి లాడ్జి అయితే చందా సాఫ్ట్‌వేరే తీసుకోండి. బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ రాత్రి గదులన్నీ నిండి, కౌంటర్ ముందు కుటుంబాలు సామాన్లతో నిలబడి ఉన్నప్పుడు తెర ఆగిపోతే, ఉచితంగా వచ్చిన సాఫ్ట్‌వేర్ మిగిల్చిన డబ్బు మీకు గుర్తుకు రాదు.

చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి

ఇక్కడ నా సలహా పూర్తిగా మారుతుంది. చిత్తూరు చుట్టుపక్కల తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీలు ఏడాదిలో కొన్ని నెలలే ఊపిరి సలపకుండా పనిచేస్తాయి. గేటు దగ్గర ట్రాక్టర్లు, లారీలు బారులు తీరి ఉంటాయి. ఒక్కో బండికి టోకెను ఇస్తారు, కాటా మీద నిండు బరువు తూస్తారు, కాయ దించాక ఖాళీ బరువు తూస్తారు, తీసివేతలు పోను నికర బరువుకు రైతుకు చీటీ ఇస్తారు. ఆ చీటీలోని అంకె మీదే రైతుకు పడే డబ్బు ఆధారపడి ఉంటుంది. మరోవైపు ఆ కాయ ఏ రోజు ఏ బ్యాచిలో గుజ్జుగా మారింది, ఏ అసెప్టిక్ (సూక్ష్మజీవులు చేరకుండా సీలు చేసిన) డ్రమ్ములోకి వెళ్లింది అన్నది విదేశీ కొనుగోలుదారు అడిగితే చూపించగలగాలి.

మామూలు అకౌంటింగ్ ప్యాకేజీలో ఈ వరుస ఉండదు. పక్కన ఎక్సెల్ ఫైళ్లు పెట్టుకుని నడుపుతారు. ఒక ఫైలులో కాటా బరువులు, ఇంకో ఫైలులో బ్యాచ్‌లు, మూడో చోట చెల్లింపులు. ఎక్కడో ఒక అంకె తేడా వస్తే రైతుతో గొడవ. మనుషులకు లెక్కగట్టే చందా సాఫ్ట్‌వేర్‌లో ఇంకో ఇబ్బంది ఉంది. సీజనులో గేటు దగ్గర, కాటా దగ్గర, ల్యాబ్‌లో, గోదాములో అదనంగా కూర్చునే గుమాస్తాలందరికీ లాగిన్ కావాలి. చందా ఏడాది లెక్కన అయితే ఖాళీగా ఉన్న నెలలకు కూడా కట్టాలి. ఎంతమంది వాడినా అదనపు రుసుము లేని ఓపెన్ సోర్స్ ఇక్కడ నిజమైన లాభం ఇస్తుంది. తయారీ, నిల్వ, బ్యాచ్ నంబర్లు ఈఆర్‌పీనెక్స్ట్‌లో ముందే ఉన్నాయి. మీ టోకెను, కాటా పద్ధతిని దానికి కలిపించుకోవాలి.

ఆ కలిపించుకోవడంలోనే ఖర్చు దాగి ఉంటుంది. కాటా ఇండికేటర్ (బరువు చూపే యంత్రం) నుంచి సీరియల్ కేబుల్ ద్వారా బరువు నేరుగా కంప్యూటర్‌లోకి రావాలంటే దానికి ప్రత్యేకంగా ప్రోగ్రాం రాయించాలి. ఇండికేటర్ మార్చిన ప్రతిసారీ దాన్ని సరిచూడాలి. గుమాస్తా చేత్తో బరువు కొట్టే పద్ధతిని ఉంచితే మోసానికీ పొరపాటుకూ తలుపు తెరిచినట్టే, కాబట్టి ఈ డబ్బు పెట్టక తప్పదు. ఇలా చేయించుకున్న ప్రతి మార్పూ తర్వాతి వెర్షన్‌లో మళ్లీ పరీక్షించాలి. మార్పులు ఎక్కువైతే వెర్షన్ మార్చడమే భయమవుతుంది, మార్చకపోతే భద్రతా లోపాలు అలాగే ఉండిపోతాయి. అందుకే పది కోరికలు ఉంటే మూడే చేయించండి. మిగతావాటికి మీ పని పద్ధతినే సాఫ్ట్‌వేర్‌కు తగ్గట్టు సర్దుకోండి.

ఇక్కడ నాలుగో దారి, అంటే డబ్బు కట్టి మద్దతు తీసుకునే ఓపెన్ సోర్స్, అన్నిటికన్నా తగినది. సీజనులో రాత్రి పదింటికి కాటా ఆగిపోతే పలికే సంస్థ ఉండాలి. ఒప్పందంలో ఎన్ని గంటల్లో స్పందిస్తారో సీజనుకు వేరుగా, మిగతా నెలలకు వేరుగా రాయించండి. మిగతా నెలలకు తక్కువ రేటు అడగండి, ఇస్తారు.

భద్రత గురించి

2021 డిసెంబరులో లాగ్4జే అనే ఓపెన్ సోర్స్ భాగంలో పెద్ద లోపం బయటపడింది. దూరం నుంచే సర్వర్‌ను స్వాధీనం చేసుకునేంత లోపం అది. ఆ భాగం ఉచిత సాఫ్ట్‌వేర్లలోనే కాదు, లక్షలు పోసి కొన్న సాఫ్ట్‌వేర్ల లోపల కూడా ఉంది. కాబట్టి డబ్బు కట్టినంత మాత్రాన భద్రత ఎక్కువ అనుకోవడం పొరపాటు. తేడా ఎక్కడంటే, కొన్న సాఫ్ట్‌వేర్‌లో లోపాన్ని సరిచేసే బాధ్యత కంపెనీది, సొంతంగా నడుపుకునే దానిలో మీది. అమెరికాలోని ఈక్విఫాక్స్ సంస్థ 2017లో దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు పోగొట్టుకుంది. అపాచీ స్ట్రట్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉందని తెలిసి, సరిచేసిన వెర్షన్ మార్చిలోనే వచ్చింది. దాన్ని సకాలంలో పెట్టుకోలేదు, మే నెలలో దొంగలు లోపలికి వచ్చారు. అంత పెద్ద సంస్థకే అప్‌డేట్ పెట్టే మనిషి విషయంలో అలా జరిగింది.

లాడ్జిలు యాత్రికుల ఆధార్ కాపీలు, ఫోను నంబర్లు కంప్యూటర్‌లో ఉంచుకుంటాయి. వ్యక్తిగత డేటాకు తగిన భద్రత కల్పించకపోతే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కింద జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. అది గరిష్ఠ పరిమితే కానీ, వేల మంది యాత్రికుల ఆధార్ కాపీలను పాత వెర్షన్ సర్వర్‌లో ఉంచడం నాకు జరిమానా కన్నా మర్యాదకు సంబంధించిన విషయంగా కనిపిస్తుంది. నమ్మి ఇచ్చారు కదా.

లైసెన్సు విషయంలో వ్యాపారులు అనవసరంగా భయపడతారు. జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద వచ్చే సాఫ్ట్‌వేర్‌ను మీ వ్యాపారంలో మీరు వాడుకుంటే, మార్చుకున్నా సరే, ఎవరికీ కోడ్ ఇవ్వనక్కర్లేదు. ఇతరులకు అందజేస్తేనే కోడ్ ఇవ్వాలన్న షరతు వస్తుంది. ఏజీపీఎల్ అనే ఇంకో లైసెన్సు అయితే మార్చిన సాఫ్ట్‌వేర్‌ను నెట్‌వర్క్ ద్వారా వాడేవారికి కూడా కోడ్ అందుబాటులో ఉంచాలి. నిజంగా జాగ్రత్తపడాల్సింది నియమాలు మధ్యలో మారడం గురించి. 2029 దాకా ఉంటుందనుకున్న సెంటాస్ 8 అనే సర్వర్ లైనక్స్‌ను 2021 చివరికే ఆపేస్తామని 2020 డిసెంబరులో ప్రకటించారు. సర్వర్లలో వాడే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లలో ఎలాస్టిక్‌సెర్చ్ 2021లో, టెర్రాఫాం 2023లో, రెడిస్ 2024లో లైసెన్సులు మార్చాయి. ఒకే కంపెనీ చేతిలో ఉన్న ఓపెన్ సోర్స్ కన్నా చాలామంది చేతిలో ఉన్నది భద్రం.

ఆఫీసు కంప్యూటర్లు, తెలుగు అక్షరాలు

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 పట్టని పాత కంప్యూటర్లలో లైనక్స్, లిబ్రెఆఫీస్ అనే ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే కొత్తవి కొనే ఖర్చు తప్పుతుందన్న ఆలోచన మంచిదే. మెయిల్, ఉత్తరాలు, మామూలు లెక్కల పట్టికలకు ఏ ఇబ్బందీ ఉండదు. కానీ టాలీప్రైమ్ విండోస్ కోసం చేసినది. వేలిముద్ర హాజరు యంత్రం, రసీదుల ప్రింటర్, డిజిటల్ సంతకం టోకెన్ లైనక్స్‌లో పనిచేస్తాయో లేదో ఒక్కొక్కటీ పెట్టి చూడాలి. ఇక అను ఫాంట్లలో టైపు చేసిన పాత తెలుగు ఫైళ్లు ఉంటే వాటిని అన్ని కంప్యూటర్లకూ అర్థమయ్యే యూనికోడ్‌లోకి మార్పించి, ఒత్తులు సరిగ్గా వచ్చాయో లేదో ఎవరో కూర్చుని చదవాలి. ప్రింటింగ్ ప్రెస్సులకు, పాఠశాలలకు ఇది చిన్న పని కాదు. ఆ ఖర్చు ఒక్కసారే పెడతారు, ఆ తర్వాత ఆ ఫైళ్లు ఏ కంప్యూటర్‌లోనైనా, ఫోనులోనైనా తెరుచుకుంటాయి. ఈ ఒక్క ఖర్చు మాత్రం లైనక్స్‌కు వెళ్లినా వెళ్లకపోయినా పెట్టమంటాను.

కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో లైనక్స్ ఇన్నేళ్లుగా నిలబడిందంటే కైట్ అనే ప్రభుత్వ సంస్థ సొంతంగా సాఫ్ట్‌వేర్ సిద్ధం చేసి, ఉపాధ్యాయులకు శిక్షణ ఇస్తూ వస్తోంది కాబట్టే. లైసెన్సు డబ్బు మిగిలింది నిజం, మనుషుల మీద డబ్బు పెట్టిందీ నిజం.

ఎంచుకునే ముందు, ఎంచుకున్నాక

చిన్న దుకాణం, ఒకరిద్దరు వాడే చోట టాలీ లాంటి ప్యాకేజీ తీసుకోండి. మనుషులు దొరుకుతారు, ఆడిటర్‌కు అలవాటే. ఒక లాడ్జి, ఒక ట్రావెల్స్ ఆఫీసు, ఒక క్లినిక్ అయితే చందా సేవ. శాఖలు మూడు నాలుగు దాటినా, మీ పని పద్ధతి ఏ ప్యాకేజీలోనూ ఇమడకపోయినా మద్దతుతో కూడిన ఓపెన్ సోర్స్. సొంతంగా నడుపుకోవడం, జీతం ఇచ్చే సాంకేతిక ఉద్యోగులు కనీసం ఇద్దరు ఉన్నవారికే. ఒక్కరు చాలరు, ఎందుకంటే ఆ ఒక్కరూ సెలవు పెట్టిన రోజే సర్వర్ ఆగుతుంది.

డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్‌కు కూడా దాగిన ఖర్చు ఉంది. బయటికి వచ్చే రోజున అది తెలుస్తుంది. కొనే ముందే "మా ఖాతాదారులు, బిల్లులు, నిల్వలు అన్నీ ఎక్సెల్‌లోకి తీసి చూపించండి" అని అడగండి. చూపించలేనివారి దగ్గర కొనవద్దు. ఈ ఒక్క విషయంలో ఓపెన్ సోర్స్‌కు సాటి లేదు. డేటాబేస్ మీదే, ఎప్పుడైనా తీసుకుని వెళ్లవచ్చు.

ఓపెన్ సోర్స్ ఒప్పందంలో చేయించిన ప్రతి మార్పు కోడ్, దాని వివరణ మీకు అప్పగించాలని రాయించండి. మూడు నెలలకోసారి బ్యాకప్ నుంచి వేరే కంప్యూటర్‌లో మొత్తం తిరిగి నిలబెట్టి మీ కళ్ల ముందు చూపించాలని రాయించండి. బ్యాకప్ తీస్తున్నాం అనే మాట చాలదు. తిరిగి నిలబెట్టి చూడని బ్యాకప్ లేనట్టే.

మార్చే సమయం కూడా ఖర్చులో భాగమే. లెక్కల సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది కాబట్టి దుకాణాలు, క్లినిక్‌లు ఆ రోజే మారడం సులువు. లాడ్జిలు బ్రహ్మోత్సవాలకు, వైకుంఠ ఏకాదశికి ముందు నెలలో ముట్టుకోవద్దు. గుజ్జు ఫ్యాక్టరీలకు ఏప్రిల్ అంటే సీజను గుమ్మంలోకి వచ్చినట్టే, అందుకే పనిని రెండుగా విడగొట్టాలి. టోకెను, కాటా, నిల్వల భాగాన్ని ఖాళీగా ఉన్న నెలల్లో పెట్టించి, పాత సీజను చీటీలు కొన్ని తీసి వాటి బరువులను కొత్త సాఫ్ట్‌వేర్‌లో వేసి, రైతుకు చెల్లించిన మొత్తం పైసాతో సహా సరిపోతోందా అని చూడాలి. లెడ్జర్లను మాత్రం ఏప్రిల్ 1న మార్చాలి. కొత్తదాంతో పాటు పాత పద్ధతి కూడా కనీసం ఒక నెల నడిపించాలి. ఆ నెల గుమాస్తాలు రెండుసార్లు రాస్తారు కాబట్టి వారికి ఓవర్‌టైం ఇవ్వాలి. కొటేషన్‌లో ఎవరూ రాయని ఆ మొత్తాన్ని కూడా మీ ఐదేళ్ల లెక్కలో ఇప్పుడే కలుపుకోండి.